ఒకే చట్టం, రెండు గ్రామాలు: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల స్థానిక స్వపరిపాలన – తులనాత్మక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

భారత రాజ్యాంగ పరిషత్తులో గ్రామాన్ని గురించి రెండు పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలు వినిపించాయి. 1946 డిసెంబరు 19న లక్ష్యాల తీర్మానంపై ప్రసంగించిన ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా, ఆదివాసులకు ప్రజాస్వామ్యం బోధించవలసిన పని లేదని, దానిని వారి నుంచే నేర్చుకోవాలని అన్నారు. 1948 నవంబరు 4న ముసాయిదా రాజ్యాంగాన్ని పరిషత్తు ముందుంచిన డా. బి. ఆర్. అంబేద్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నెలవుగా పేర్కొని, ముసాయిదా గ్రామాన్ని కాక వ్యక్తిని ప్రాతిపదికగా స్వీకరించినందుకు సంతోషం వ్యక్తం చేశారు. తరువాత గ్రామ పంచాయతీల ఏర్పాటును రాజ్యానికి విధిగా చెప్పే 40వ అధికరణం రాజ్యాంగంలో చేరింది. అయితే ఏ గ్రామాన్ని దృష్టిలో పెట్టుకొని పంచాయతీని నిర్మించాలన్న ప్రశ్నకు ఆ అధికరణం సమాధానం ఇవ్వలేదు.

ఉత్తర తెలంగాణ చరిత్రలో ఈ రెండు అభిప్రాయాలకూ ఆధారాలున్నాయి. గోదావరికి దక్షిణాన కరీంనగర్ మైదాన గ్రామం అంబేద్కర్ విమర్శకు నిదర్శనంగా నిలుస్తుంది. గోదావరికి ఉత్తరాన ఆదిలాబాద్ గోండు గూడెం జైపాల్ సింగ్ వాదానికి చాలావరకు బలం చేకూరుస్తుంది. స్వాతంత్ర్యానంతరం ఈ రెండు గ్రామాలకూ ఒకే పంచాయతీ చట్టం వర్తించింది. మొదటి దానిలో ఆ చట్టం పాత అధికారాన్ని తగినంతగా తొలగించలేకపోయిందని, రెండవ దానిలో తొలగించనవసరం లేని వ్యవస్థను పక్కకు నెట్టిందని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం. ఇక్కడ కరీంనగర్, ఆదిలాబాద్ అన్న పేర్లు 2016 అక్టోబరు పునర్వ్యవస్థీకరణకు పూర్వపు ఉమ్మడి జిల్లాలను సూచిస్తాయి. ఆదిలాబాద్ జిల్లాలోని నిర్మల్, మంచిర్యాల మైదానాలు గ్రామ నిర్మాణం దృష్ట్యా కరీంనగర్‌కే దగ్గర. కరీంనగర్‌లోని మహాదేవపూర్ అటవీ ప్రాంతంలోనూ ఆదివాసులు ఉన్నారు. కాబట్టి ఈ తులన జిల్లా సరిహద్దులకు కాక రెండు రకాల గ్రామాలకు సంబంధించినది.

తులనకు ఐరోపా ప్రమాణాలు

భారతీయ గ్రామాన్ని ఐరోపా గ్రామంతో పోల్చి చూడడం కొత్త పద్ధతి కాదు. చార్లెస్ మెట్‌కాఫ్ 1830 నాటి తన నివేదికలో గ్రామాలను చిన్న గణతంత్రాలుగా భావించాడు. హెన్రీ మెయిన్ 1871లో ప్రాచ్య, పాశ్చాత్య గ్రామ సమాజాలపై గ్రంథం వెలువరించాడు. ఇద్దరూ వెతికినది సామ్యాన్నే. ప్రస్తుత పరిశీలనకు ఉపకరించేది మాత్రం ఐరోపాలోని రెండు దేశాల మధ్య కనిపించే భేదం.

ఫ్రాన్స్‌లో స్థానిక సంస్థ విప్లవం నుంచి పుట్టింది. 1789 ఆగస్టు 4 రాత్రి జాతీయ సభ భూస్వామ్య హక్కుల రద్దును ప్రకటించింది. అదే సంవత్సరం డిసెంబరు 14న చేసిన చట్టం నగరానికీ కుగ్రామానికీ తేడా లేకుండా అంతటా ఒకే తరహా పురపాలక సంస్థను నెలకొల్పింది. నలభై వేలకు పైగా కమ్యూన్లు ఏర్పడ్డాయి. 1800లో నెపోలియన్ ప్రిఫెక్టు పదవిని సృష్టించి, మేయర్లను నియామకం కిందికి తెచ్చాడు. 1880వ దశకంలో మేయరును కమ్యూన్ సభ ఎన్నుకునే పద్ధతి స్థిరపడింది. 1982 మార్చి 2 నాటి చట్టం కమ్యూన్ నిర్ణయాలపై ప్రిఫెక్టు ముందస్తు ఆమోదాధికారాన్ని తొలగించింది. పాత అధికారాన్ని కూల్చి, ఏకరూప చట్టంతో కొత్త సంస్థను నిర్మించడం ఫ్రెంచి మార్గం.

ఇంగ్లండులో స్థానిక సంస్థకు మూలం పారిష్. చర్చి పరిధిలోని జనం సమావేశమయ్యే వెస్ట్రీ అన్న సభ క్రమంగా పేదల పోషణ, రహదారుల వంటి లౌకిక బాధ్యతలను స్వీకరించింది. ఆచారంగా ఉన్న ఆ సభను 1894 స్థానిక ప్రభుత్వ చట్టం చర్చి నుంచి విడదీసి, ఎన్నికైన పారిష్ కౌన్సిల్‌గా మార్చింది. కౌన్సిల్ లేని చిన్న పారిష్‌లలో ఓటర్లందరి సమావేశానికే అధికారం దక్కింది. ఉన్న సభను గుర్తించి, దానికి చట్టరూపం ఇవ్వడం ఆంగ్ల మార్గం. అయితే ఆచార సభ సహజంగానే ప్రజాస్వామికం అనుకోవడానికి వీల్లేదు. 1818 నాటి వెస్ట్రీ చట్టం ఆస్తిని బట్టి ఒక వ్యక్తికి ఆరు ఓట్ల వరకు కల్పించింది. కొన్ని చోట్ల వెస్ట్రీ కొద్దిమంది సంపన్నుల చేతిలోనే ఉండేది.

ఏ మార్గం ఎక్కడ తగినదన్నది పూర్వస్థితిపై ఆధారపడి ఉంటుంది. సభ లేని చోట, వంశపారంపర్య అధికారం మాత్రమే ఉన్న చోట మొదటి మార్గం అవసరం. సభ సజీవంగా ఉన్న చోట రెండవది తగినది. ఈ దృష్టితో కరీంనగర్, ఆదిలాబాద్ గ్రామాల పూర్వస్థితిని పరిశీలించాలి.

మైదాన గ్రామం: పదవుల వ్యవస్థ

మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలలో భాగంగా 1865లో జిల్లాల విభజన జరిగింది. అప్పటి ఎలగందుల జిల్లాయే 1905 పునర్వ్యవస్థీకరణతో కరీంనగర్ జిల్లాగా మారింది. తాలూకాదారు, తహసీలుదారులతో కూడిన ఈ యంత్రాంగం గ్రామ స్థాయిలో మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీలపై ఆధారపడింది. శిస్తు వసూలు మాలీ పటేలుది. శాంతిభద్రతలు పోలీసు పటేలువి. పహాణీ, లెక్కలు పట్వారీవి. ఇవి వతన్ హక్కులు, అంటే వంశపారంపర్య పదవులు. వతన్‌దారు తన బదులు గుమాస్తాను పెట్టుకొని పని జరిపించుకునే వీలుండేది. వీరి కింద సేత్‌సింధి, నీరడి, బేగారి వంటి గ్రామ సేవకులు ఉండేవారు. చెరువు నీటిని పొలాలకు పంచే నీరడి పని వ్యవసాయానికి ఎంత కీలకమైనా, గ్రామ నిర్ణయాలలో అతని మాటకు స్థానం ఉండేది కాదు.

ఈ వ్యవస్థలో పదవులు ఉన్నాయి కాని సభ లేదు. తగాదాలు పటేలు ముందు, లేదా దొర గడిలో తీరేవి. ఇరుపక్షాల నుంచి సొమ్ము, తప్పు చేసినవాని నుంచి జరిమానా వసూలు చేయడం వాడుక. వెట్టి ఈ అధికారానికి ఆర్థిక పునాది. రైతు భూమికి సాక్ష్యం పట్వారీ రాతలో ఉండడం వల్ల ఆ రాతను ప్రశ్నించే శక్తి గ్రామంలో ఎవరికీ లేకపోయింది.

హైదరాబాద్ రాజ్యంలో 19వ శతాబ్ది చివర స్థానిక సెస్సు, జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చాయి. ఆ బోర్డులకు అధ్యక్షులు అధికారులే. వాటి పని ప్రధానంగా రోడ్లు, బావులు, బడుల వంటి వసతులకు పరిమితం. గ్రామంలో అధికారం ఎవరిదన్న ప్రశ్నను అవి స్పృశించలేదు. ఆ ప్రశ్నను లేవనెత్తింది ఆంధ్ర మహాసభ. 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన నాలుగవ ఆంధ్ర మహాసభ కరీంనగర్ జిల్లా సిరిసిల్లలో జరిగింది. వెట్టి నిర్మూలన, మాతృభాషలో విద్య, గ్రంథాలయాల వ్యాప్తి కోసం సాగిన ఈ ఉద్యమం గ్రామ ప్రజలు ఒకచోట కూడి మాట్లాడే అలవాటును పెంచింది. 1940లో గ్రామ పంచాయతీ చట్టం వచ్చినా పటేలు, పట్వారీ పదవులు యథాతథంగా కొనసాగాయి.

గోండు గూడెం: సభ వ్యవస్థ

ఆదిలాబాద్ గోండుల సామాజిక వ్యవస్థను విస్తృతంగా నమోదు చేసినవాడు ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్. 1940వ దశకంలో ఇక్కడ పనిచేసి, 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండులపై గ్రంథం ప్రచురించాడు. అతని వర్ణనలు, నేటికీ కొనసాగుతున్న ఆచారాలు గోండు స్వపరిపాలన స్వరూపాన్ని తెలుపుతాయి.

గూడెం పెద్దను గోండులు ‘పట్ల’ అంటారు. మైదానంలోని ‘పటేలు’, ఇక్కడి ‘పట్ల’ ఒకే మూలానికి చెందిన మాటలు. అర్థంలో మాత్రం అవి చాలా దూరం. మైదానంలో పటేలు సర్కారు శిస్తు కోసం ఉన్న వతన్‌దారు. గూడెంలో పట్ల ఊరిని నెలకొల్పిన వంశానికి చెందిన పెద్ద. గృహస్థులందరూ కూర్చునే పంచ్‌లో మాట కుదిరితేనే అతని తీర్పు చెల్లుతుంది. వివాహ వివాదాలు, భూమి తగాదాలు, కులాచార భంగాలు పంచ్ ముందుకు వస్తాయి. జరిమానాతో పాటు, తప్పు చేసినవానిని సామూహిక భోజనంతో తిరిగి కలుపుకోవడం ఈ న్యాయంలో ప్రధానాంశం. గ్రామ పూజా విధులు దేవారివి. వంశ దైవపు విధులు కటోడావి. గోత్ర చరిత్రను గానం చేసి నిలిపేది పర్ధాన్. గూడెంపైన మొకాసీలు, వారిపైన రాజులు పెద్ద వివాదాలను వినేవారు. చాందా గోండు రాజ్యం 18వ శతాబ్దిలో భోంస్లేల వశమైన తరువాత కూడా ఈ పరంపర అవశేషాలు ఉట్నూరు ప్రాంతంలో నిలిచాయి.

పట్ల అధికారానికి ఒక సహజమైన హద్దు ఉండేది. భూమి పుష్కలంగా ఉన్న రోజులలో పెద్ద నచ్చని కుటుంబాలు వేరే చోటికి తరలిపోయేవి. జనాన్ని నిలుపుకోలేని పట్లకు గూడెమే మిగలదు. అడవుల రిజర్వేషన్‌తో గూడేలు సరిహద్దుల మధ్య బిగిసిపోయాయి. సాగు భూములు అటవీ శాఖ పరిధిలోకి వెళ్ళాయి. మైదానాల నుంచి వచ్చిన వలసదారుల పేర పట్టాలు పుట్టాయి. గోండు సభ నశించలేదు. అయితే దాని నిర్ణయాలకు ఆధారమైన నేల దాని చేతి నుంచి జారిపోయింది.

ఈ సభలోనూ లోపాలున్నాయి. పంచ్‌లో మాట పురుషులదే. కొలాములు, నాయకపోడులు, తోటీలు గోండులతో కలిసిమెలిసి జీవించినా, ఒక తెగ పెద్దల తీర్పు మరొక తెగకు ఎంతవరకు చెల్లుతుందన్న ప్రశ్న మిగిలే ఉంది. కనుక ఆచార సభను ఆదర్శంగా చిత్రించడం సరికాదు. అయినా మైదాన గ్రామంతో పోల్చినప్పుడు మౌలిక భేదం స్పష్టం. ఇక్కడ నిర్ణయం ముందుగా సభలో పుడుతుంది. అక్కడ నిర్ణయం పదవిలో పుడుతుంది.

జోడేఘాట్ నుంచి 1359 ఫసలీ రెగ్యులేషన్ వరకు

కుమ్రం భీమ్ నాయకత్వంలో బాబేఝరి, జోడేఘాట్ కొండలలో జరిగిన తిరుగుబాటు 1940లో అతని మరణంతో అణగారింది. సాగు భూమిపై హక్కు, అటవీ సిబ్బంది వేధింపుల నుంచి విముక్తి ఆ పోరాటపు ప్రధాన కోర్కెలు. గూడేలు తమ వ్యవహారాలను తామే చక్కబెట్టుకోవాలన్న ఆశయం ఆ పోరాట స్మృతిలో నేటికీ నిలిచి ఉంది. తిరుగుబాటు కారణాలను అధ్యయనం చేసే బాధ్యత హైమండార్ఫ్‌పై పడింది. అతని నివేదికలు 1945లో వెలువడ్డాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. గోండీ భాషలో వాచకాలు తయారయ్యాయి. వేలాది ఆదివాసీ కుటుంబాలకు లక్షకు పైగా ఎకరాల పట్టాలు లభించాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు ఆదివాసుల ఫిర్యాదులు వినే దర్బారు కూడా ఆ దశకంలోనే మొదలైంది.

పాలన దృష్ట్యా వీటన్నిటికంటే ముఖ్యమైనది 1356 ఫసలీ నాటి ఆదివాసీ ప్రాంతాల రెగ్యులేషన్, దాని స్థానంలో 1949లో వచ్చిన 1359 ఫసలీ రెగ్యులేషన్. ప్రకటిత ప్రాంతాలలో సాధారణ చట్టాలకు భిన్నమైన పాలనకు ఇవి వీలు కల్పించాయి. ఆదివాసీ పంచాయతీలు తమ వివాదాలను విచారించే అధికారాన్ని చట్టం గుర్తించింది. ఈ ఏర్పాటు పూర్తి స్వపరిపాలన కాదు. ఏజెంటుదే అంతిమ అధికారం. కాని ఉన్న సభకు చట్టపు గుర్తింపు ఇవ్వడమన్న సూత్రం ఇందులో ఉంది. పైన పేర్కొన్న ఆంగ్ల మార్గానికి ఉత్తర తెలంగాణలో ఇది తొలి ఉదాహరణ. ఒక నిరంకుశ రాజ్యం తన చివరి దశలో తీసుకున్న ఈ నిర్ణయం తిరుగుబాటు భయం నుంచి పుట్టినా, దాని విలువ తగ్గదు.

1959–1964: ఒకే చట్టం

హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిసిన తరువాత 1951లో, మళ్ళీ 1956లో గ్రామ పంచాయతీ చట్టాలు వచ్చాయి. బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో సిఫారసు చేసిన మూడంచెల పద్ధతిని ఆంధ్రప్రదేశ్ తొలి రాష్ట్రాలలో ఒకటిగా స్వీకరించింది. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం, 1964లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలకు ఉమ్మడిగా గ్రామ పంచాయతీల చట్టం అమలులోకి వచ్చాయి. ఏకరూపత ఈ చట్టాల ప్రధాన లక్షణం.

ఆదిలాబాద్ గూడేలకు ఏకరూపత వల్ల రెండు నష్టాలు కలిగాయి. 1963 నాటి రెండవ రెగ్యులేషన్ ఆంధ్ర షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనలను తెలంగాణకు విస్తరించింది. ఆ క్రమంలోనే 1359 ఫసలీ రెగ్యులేషన్ రద్దయింది. భూ రక్షణ చట్టం వచ్చినందుకు మేలు జరిగినా, ఆదివాసీ పంచాయతీకి ఉన్న చట్టబద్ధత పోయింది. రెండవ నష్టం గ్రామం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం నుంచి వచ్చింది. చట్టం దృష్టిలో గ్రామం అంటే రెవెన్యూ గ్రామం. దాని పరిధిలో నాలుగైదు గూడేలు, ఒక మైదాన వలస గ్రామం కలిసి ఉంటే అన్నిటికీ ఒకటే పంచాయతీ. పంచ్ కూర్చునే గూడెం వార్డు స్థాయికి దిగిపోయింది. పంచాయతీ కార్యాలయం రోడ్డు పక్కనున్న పెద్ద ఊరిలో వెలిసింది. అక్కడ మాట వ్యాపారులది, పట్టాదారులది.

కరీంనగర్‌లో అదే చట్టం మరొక ఫలితం ఇచ్చింది. రెవెన్యూ గ్రామం ఇక్కడ సామాజికంగా కూడా ఒక ఊరే. కనుక నిర్వచనంలో చిక్కు లేదు. చిక్కు అధికార స్వరూపంలో ఉంది. కొత్తగా సర్పంచ్ పదవి వచ్చింది కాని పటేలు, పట్వారీ పదవులు కదలలేదు. అనేక గ్రామాలలో సర్పంచ్ పదవి కూడా ఆ కుటుంబాలకే, లేదా దొర మనుషులకే దక్కింది. 1789 ఆగస్టు 4 జరగకుండానే డిసెంబరు 14 వచ్చినట్లయింది. పాత అధికారానికి ప్రజాస్వామ్యపు ముద్ర అదనంగా లభించింది.

ఈ విధంగా రెండు ప్రాంతాలకూ అవసరమైనది తారుమారైంది. కూల్చివేత అవసరమైన కరీంనగర్‌లో పాత వ్యవస్థ కొనసాగింది. కొనసాగింపు అవసరమైన ఆదిలాబాద్‌లో కూల్చివేత జరిగింది.

1978, 1981, 1984: ఘర్షణలు, ఫలితాలు

ఈ తారుమారుకు జవాబు రెండు జిల్లాలలోనూ చట్టసభల వెలుపల, దాదాపు ఒకే కాలంలో వెలువడింది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాది రైతు కూలీలు ప్రదర్శన జరిపారు. కూలి రేట్లు, బంజరు భూములతో పాటు వెట్టి రద్దు, పంచాయితీల పేర దొరలు వసూలు చేసిన జరిమానాలను తిరిగి ఇప్పించడం ఆ ఉద్యమంలో ముందుకు వచ్చిన కోర్కెలు. కొన్ని గ్రామాలలో భూస్వాములపై సాంఘిక బహిష్కరణ ప్రకటించారు. అంతవరకు దొర చేతిలో శిక్షగా ఉన్న బహిష్కరణను గ్రామ జనమే దొరపై ప్రయోగించడం గమనించదగిన మార్పు. అదే సంవత్సరం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. జరిమానా తిరిగి ఇవ్వాలన్న కోర్కెను ఆర్థిక విషయంగా మాత్రమే చూడడం చాలదు. తీర్పు చెప్పే హక్కు ఎవరిదన్న ప్రశ్న అందులో ఇమిడి ఉంది.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి హక్కుల సభకు తరలివచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు 13 మంది అని ప్రభుత్వం ప్రకటించింది. పౌర హక్కుల సంఘాలు అంతకు చాలా ఎక్కువ సంఖ్య చెప్పాయి. భూ బదలాయింపును నిషేధించే 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్ అప్పటికే అమలులో ఉంది. చట్టం ఉండి కూడా భూమి దక్కని పరిస్థితిలో, తన నేలపై నిర్ణయం చెప్పగల సంస్థ గూడేనికి లేకపోవడం ఈ విషాదానికి ఒక ముఖ్య నేపథ్యం. ఎన్నికైన పంచాయతీకి భూమిపై అధికారం లేదు. భూమిని గురించి మాట్లాడగల పంచ్‌కు చట్టంలో స్థానం లేదు.

1984లో ఎన్. టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను ఆర్డినెన్సు ద్వారా రద్దు చేసింది. కరీంనగర్ మైదాన గ్రామ చరిత్రలో ఆలస్యంగా వచ్చిన ఆగస్టు 4 ఇదే. 1986 చట్టంతో మండల ప్రజా పరిషత్తులు ఏర్పడి, 1987లో మండలాధ్యక్షులను ప్రజలు నేరుగా ఎన్నుకున్నారు. అధికార కేంద్రం సమితి నుంచి మండలానికి, గ్రామానికి చేరువైంది. ఆదిలాబాద్ గూడేలలో ఈ రద్దుకు అంతటి ప్రాధాన్యం లేదు. అక్కడి సమస్య పటేలు ఉండడం కాదు, పట్లకు గుర్తింపు లేకపోవడం.

1993, 1996: రెండు దారులకు గుర్తింపు

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. దళితులకు, ఆదివాసులకు జనాభా నిష్పత్తిలో, మహిళలకు మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్థానాలు దక్కాయి. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీ రాజ్ చట్టం కింద 1995లో జరిగిన ఎన్నికలలో కరీంనగర్ గ్రామాలలో దళిత, వెనుకబడిన కులాల స్త్రీ పురుషులు సర్పంచులయ్యారు. అంబేద్కర్ కోరినట్లు ఇక్కడ వ్యక్తి హక్కు గ్రామం లోపలికి ప్రవేశించింది. పదవి రిజర్వేషన్ వల్ల వచ్చినా పెత్తనం వెనుక నుంచి సాగిన సందర్భాలున్నాయి. అయినా పదవికీ పుట్టుకకూ ఉన్న ముడి తెగింది.

ఈ సవరణ షెడ్యూల్డు ప్రాంతాలకు నేరుగా వర్తించలేదు. భూరియా కమిటీ 1995లో నివేదిక ఇచ్చింది. 1996 డిసెంబరు 24న పెసా చట్టం వచ్చింది. దాని నాలుగవ సెక్షన్‌లో గ్రామం అన్న మాటకు కొత్త నిర్వచనం ఉంది. తన ఆచార సంప్రదాయాల ప్రకారం వ్యవహారాలు నడుపుకునే సమూహం నివసించే ఆవాసం, లేదా ఆవాసాల సముదాయమే గ్రామం. ఆచారబద్ధమైన వివాద పరిష్కార పద్ధతిని కాపాడే సామర్థ్యం గ్రామ సభకు ఉందని ఆ చట్టం పేర్కొన్నది. భూసేకరణకు ముందు సంప్రదింపులు, చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం, అన్యాక్రాంతమైన భూమిని తిరిగి ఇప్పించడం, సంతల నిర్వహణ, వడ్డీ వ్యాపార నియంత్రణ ఇందులో చేరాయి. 1359 ఫసలీలో ఉన్న సూత్రం 1963లో తొలగి, ముప్పై మూడేళ్ళ తరువాత విస్తృతమైన రూపంలో తిరిగి వచ్చింది. ఉమ్మడి రాష్ట్రం 1998లో తన చట్టాన్ని అందుకు అనుగుణంగా సవరించింది. అమలు నియమాలు మాత్రం 2011 వరకు రాలేదు. మధ్యలో 2006 అటవీ హక్కుల చట్టం హక్కుదారుల గుర్తింపు ప్రక్రియను ప్రారంభించే అధికారాన్ని గ్రామ సభకే ఇచ్చింది.

చట్టం రాకముందు, వచ్చిన తరువాత కూడా గోండులు తమ వ్యవస్థను వదులుకోలేదు. కొన్ని గూడేలకు కలిపి ఉండే రాయి సెంటర్లు, వాటి పెద్దలైన సార్‌మేడీలు నేటికీ వివాదాలు పరిష్కరిస్తున్నారు. ఒకే గూడెంలో ఒక పక్క సర్పంచ్, మరొక పక్క పట్ల, సార్‌మేడీ ఉండడం ఇక్కడ సాధారణ దృశ్యం. నిధులు మొదటి వారి వద్ద, మాట రెండవ వారి వద్ద ఉన్నాయి.

2018 చట్టం: దగ్గరైన ఊరు, దగ్గరైన కలెక్టరు

2018 తెలంగాణ పంచాయతీ రాజ్ చట్టం ఈ చరిత్రలో ఒక ముఖ్యమైన మలుపు. అయిదు వందల జనాభా గల తండాలు, గూడేలు ప్రత్యేక పంచాయతీలుగా మారాయి. రాష్ట్రంలో నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు ఏర్పడి మొత్తం 12,700 దాటింది. షెడ్యూల్డు ప్రాంతాలలో సర్పంచ్ పదవులన్నీ షెడ్యూల్డు తెగలకు, మొత్తం స్థానాలలో సగం మహిళలకు కేటాయించారు. ఆదిలాబాద్‌లో అనేక గూడేలు మొదటిసారిగా తమ పేరుతోనే పంచాయతీ అయ్యాయి. గ్రామం నిర్వచనంలో 1964లో జరిగిన పొరపాటు చాలావరకు సవరణకు నోచుకున్నది.

అయితే ఇదే చట్టం సర్పంచ్‌ను సస్పెండ్ చేసే, తొలగించే అధికారాన్ని కలెక్టరు చేతిలో ఉంచింది. పంచాయతీ కార్యదర్శి ప్రభుత్వ యంత్రాంగంలో భాగం. ఇంగ్లండులో పారిష్ గుమాస్తా ఆ కౌన్సిల్ నియమించుకున్న ఉద్యోగి. ఫ్రాన్స్ 1982లో ప్రిఫెక్టు ముందస్తు ఆమోదాధికారాన్ని తొలగించింది. తెలంగాణ చట్టం ఊరిని చిన్నదిగా చేసి ప్రజలకు దగ్గర చేసింది కాని ఆ ఊరిపై పర్యవేక్షణను బిగించింది. సంఖ్య దృష్ట్యా ఫ్రెంచి కమ్యూన్ల విస్తృతి కనిపిస్తుంది. అధికార సంబంధం దృష్ట్యా అది 1982కు ముందటి ఫ్రాన్స్‌ను గుర్తుకు తెస్తుంది.

మరొక అంశం ఇంకా తేలవలసి ఉంది. గూడెం పంచాయతీ కావడం, గూడెం సభకు గుర్తింపు రావడం ఒకటి కాదు. మొదటిది ఎన్నికైన పాలకవర్గాన్ని ఇస్తుంది. రెండవది ఓటర్లందరి సమావేశానికి నిర్ణయాధికారం ఇస్తుంది. ఇంగ్లండు చిన్న పారిష్‌లలో 1894లోనే ఈ రెండవ పద్ధతి ఉంది. పెసా గ్రామ సభ కోరేదీ అదే. అయిదు వందల జనాభా లేని కొలాం గూడేల వంటి చిన్న ఆవాసాలకు ఇది మరింత అవసరం. జనాభా లెక్కతో పంచాయతీ అర్హత లేకపోయినా, పెసా నిర్వచనం ప్రకారం గ్రామ సభ కావడానికి వాటికి అడ్డంకి లేదు.

పద సాక్ష్యం

ఈ చరిత్రకు తెలుగు వాడుకలో ఒక సాక్ష్యం దొరుకుతుంది. ఉత్తర తెలంగాణ మాటలో ‘పంచాయితి’ అంటే సంస్థ మాత్రమే కాదు, తగాదా కూడా. ఇద్దరి మధ్య పంచాయితి అయిందంటే గొడవ జరిగిందని, పంచాయితి పెట్టారంటే ఆ గొడవను పెద్దల ముందు ఉంచారని అర్థం. కూర్చుని తీర్చే సభ పేరు, తీర్చవలసిన వివాదానికి పేరుగా మారింది. పంచాయతీకి వివాద పరిష్కారమే ప్రధాన విధిగా జనం భావించిన కాలపు అవశేషం ఇది. చట్టపు పంచాయతీ ఇందుకు భిన్నంగా ఇంటి పన్ను, వీధి దీపాలు, తాగునీరు, పారిశుధ్యం చుట్టూ అల్లుకున్నది. రాతలో ‘పంచాయతీ’, మాటలో ‘పంచాయితి’ అన్న వర్ణభేదంతో పాటు ఒక అర్థభేదం కూడా స్థిరపడింది. మైదానంలో రెండవ అర్థం దొర గడి జ్ఞాపకాన్ని మోస్తున్నది. గూడెంలో అది పంచ్ జ్ఞాపకాన్ని మోస్తున్నది. ‘పటేలు’, ‘పట్ల’ జంట విషయంలో కూడా జరిగింది ఇదే. ఒకే మాట రెండు అధికార చరిత్రలలో రెండు విధాలుగా ఎదిగింది.

ముగింపు

స్థానిక స్వపరిపాలన చరిత్రను సాధారణంగా పై నుంచి కిందికి బదిలీ అయిన అధికారాల జాబితాగా వ్రాస్తారు. కరీంనగర్, ఆదిలాబాద్ అనుభవాలు ఆ పద్ధతి చాలదని చూపుతున్నాయి. అధికారాన్ని స్వీకరించే గ్రామం ఏది, అందులో ఇదివరకే ఉన్నది పదవా, సభా అన్న ప్రశ్నలు బదిలీకంటే ముందు రావాలి. కరీంనగర్ మైదానానికి ఫ్రాన్స్ తరహా తెంపు అవసరమై ఉండగా, పంచాయతీ వచ్చిన తరువాత కూడా దాని కోసం 1984 వరకు ఆగవలసి వచ్చింది. ఆదిలాబాద్ గూడెం తన సభకు గుర్తింపును 1940వ దశకంలో పొంది, 1963లో కోల్పోయి, 1996లో కాగితంపై తిరిగి పొందింది.

అంబేద్కర్, జైపాల్ సింగ్ మాటలు ఈ వెలుగులో పరస్పర విరుద్ధంగా కనిపించవు. మైదాన గ్రామంలో వ్యక్తికి గ్రామం నుంచి రక్షణ కావాలి. గూడేనికి వెలుపలి ఒత్తిడి నుంచి రక్షణ కావాలి. గూడెం లోపల స్త్రీలకు, చిన్న తెగలకు సభలో సమాన స్థానం కావాలంటే అంబేద్కర్ సూత్రం అక్కడా వర్తిస్తుంది. సర్పంచ్ ఒక్కరి చేతిలో కాక ఊరంతా కూర్చుని నిర్ణయించాలంటే జైపాల్ సింగ్ సూత్రం మైదానానికీ వర్తిస్తుంది. రెండు సూత్రాలూ కలిసే చోటు గ్రామ సభ. నేటి చట్టాలలో దాని పేరు ఉంది. భూమి, అడవి, వివాద పరిష్కారం విషయంలో దాని నిర్ణయానికి ఏ మేరకు కట్టుబాటు ఉందన్నదే ఉత్తర తెలంగాణ స్థానిక స్వపరిపాలన చరిత్ర నుంచి మిగిలిన ప్రశ్న.